ఒక దీర్ఘం తేడా

మా గది, కిటికీ పక్క బల్ల
సోమవారం

అక్కకి,

వందనాలు. నేను బాగానే ఉన్నాను.

వారంలో ఈ ఒక్కరోజే మాది. ఇవాళ సువార్త చెప్పడానికి ఇంటింటి తలుపులు తట్టం. బట్టలు ఉతుక్కుంటాం, చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాం, ఇంటికి ఉత్తరాలు రాస్తాం. ఇంటికి ఫోను చేయాలంటే హాల్లో అందరి ముందూ నిలబడి మాట్లాడాలి. అలా మాట్లాడి ఏం లాభం. ఉత్తరమే నయం.

మిగతా వారమంతా ఒకటే పని. పొద్దున్నే చదువు, ప్రార్థన, తర్వాత జోళ్లు వేసుకుని బయల్దేరడం. ఒక వీధి పట్టుకుంటే ఆ చివరిదాకా తట్టుకుంటూ పోవడమే. ఒక తలుపు నేను తడితే తర్వాతది నా జతగాడు తడతాడు. మేమిద్దరం ఒకరిని విడిచి ఒకరం ఉండకూడదని నియమం. అతనిది ఇంకో దేశం. నాకొచ్చిన ఈ ఊరి భాషా అతనికొచ్చిన ఈ ఊరి భాషా కలిపినా అయిదేళ్ల పిల్లాడి మాటలు కావు. వాచీ చూసుకోకుండా ఊపిరి కూడా పీల్చడు కాబట్టి అతనికి గడియారం అని పేరు పెట్టాను. అతనికి చెప్పలేదు.

తలుపు తీసినవాళ్లతో నేను అనే మొదటి మాట, "మీ ఇంటికి శాంతి తెచ్చాను" అని. ఇక్కడి భాష నేర్పిన బడిలో మొదటి వారం నేర్పింది ఇదే. కొందరు నవ్వుతారు. కొందరు పెదాల మీద వేలు పెట్టి తలుపేసేస్తారు. ఇక్కడి పద్ధతేమో.

ఇంకేం రాయాలి. తిండి బాగుంది. చలిగా ఉంది. పోయిన వారం మేజోళ్లు ఉతుకుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. చూస్తే జోడులో మేకు లేచి ఉంది, మడమలో దిగింది. ఎప్పటి నుంచో తెలియదు. నొప్పి లేదు, కంగారు పడకు.

అమ్మ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మొదట్లో భుజం తట్టేవాళ్లు. ఇప్పుడు తట్టడం లేదు. నువ్వు రాసిన మాటే వాళ్లకి చెప్తుంటాను, నేను సేవలో ఉన్నానన్న శాంతితో అమ్మ కళ్లు మూసిందని. అందరూ స్తోత్రం అంటారు. నేనూ అంటాను.

తమ్ముడు


ఇంటి ముందు కొట్లో, మిషను బల్ల మీద

ఒరేయ్ చిన్నోడా,

మడమలో మేకు దిగితే నొప్పి తెలియకపోవడమేంట్రా? నువ్వు మనిషివా, మా కొట్లో కొలతల బొమ్మవా? దానికైతే గుండుసూదులు గుచ్చినా పలకదు. ముందు చెప్పులు కుట్టేవాడి దగ్గరికి పో. తర్వాత డాక్టరు దగ్గరికి పో. ఆ తర్వాత కావాలంటే లోకాన్ని రక్షించు.

ఇంకోటి. "నేను బాగానే ఉన్నాను" అని మొదటి వాక్యం రాసినవాడు బాగా ఉన్నట్టు నేను ఎక్కడా చూడలేదు. ఈసారి వేరే వాక్యంతో మొదలుపెట్టు.

ఇక్కడ బడులు తెరిచే రోజులొచ్చాయి. కొట్టు నిండా యూనిఫారం గుడ్డే. నీలం, తెలుపు, నీలం, తెలుపు. కలలో కూడా కాజాలు కుడుతున్నాను. హెడ్ మేడమ్ పోయినేడాది కొలతలే మళ్లీ పంపింది. పిల్లలు ఏడాది పొడవునా పెరక్కుండా కూర్చున్నారనుకుంది కాబోలు. అదే అంటే, "పై నుంచి అలాగే వచ్చాయమ్మా" అంది. పైనున్నవాడికి పిల్లల కొలతలు కూడా తెలియవా అని అడుగుదామనుకుని నిన్ను తలుచుకుని ఊరుకున్నాను.

నా మిషను పెడలు విరిగింది. అమ్మ మిషను తొక్కుతున్నాను. అది అమ్మ కాలికి అలవాటు పడ్డ మిషను. నా కాలు పడితే రెండు కుట్లు వేసి మూడోది ఎగ్గొడుతుంది. పుల్లవిరుపు మాటలు అమ్మవి, ఆ గుణం మిషనుకీ వచ్చింది.

మందు రాసుకున్నావని రాయి.

అక్క


బట్టలుతికే యంత్రాల కొట్టు, చక్రం తిరుగుతుండగా

అక్కా,

వేరే వాక్యం ఆలోచించాను, రాలేదు. అందుకే ఏ వాక్యం లేకుండా మొదలుపెట్టాను.

మేకు పీకించాను. మడమకి మందు రాశారు. కాలు అలాగే ఉంది. నా కాలు కాదన్నట్టు ఉంది. ప్రార్థన కూడా అంతే. మోకరిస్తాను, నోరు కదులుతుంది. ఎవరో పక్క గదిలో మాట్లాడుతున్నట్టు వింటాను. ఇది గడియారానికి చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎవరికీ చెప్పకు.

ఒక సంగతి ఉంది. మమ్మల్ని చూసుకునే పెద్దాయన నన్ను పిలిచాడు. మంచివాడు. మాటల మధ్య ఎక్కువసేపు ఆగుతాడు. "నీ కాలం సగమైంది. ఇంటి దుఃఖంతో ఉన్నావు. కావాలంటే వెళ్లు. నిన్ను ఎవరూ తప్పుపట్టరు. ఉంటే మాత్రం మనసుతో ఉండు" అన్నాడు. చలికాలం అయ్యేలోగా జవాబు చెప్పమన్నాడు.

నాకు ఉండాలనీ లేదు, రావాలనీ లేదు. పొద్దున జోళ్లు కట్టుకునేటప్పుడు ఒక్కటే గుర్తు చేసుకుంటాను, అమ్మ శాంతితో వెళ్లిందన్న నీ మాట. ఆ ఒక్క మాట మీదే లేచి నడుస్తున్నాను. నన్ను ఈ పనికి ఇచ్చింది అమ్మే కదా. నేనిక్కడ ఉన్నందుకు ఆమెకి శాంతి దొరికితే ఉంటాను. సగంలో దిగిపోవడం మర్యాద కాదు.

అందుకని అడుగుతున్నాను. అమ్మ చివర్లో ఏమంది? అమ్మ అన్న మాటే రాయి, ఎలా అందో అలా. పెద్దాయనకి జవాబు దాన్ని బట్టి చెప్తాను.

చక్రం ఆగింది. పక్కావిడ నా బట్టలు తీసెయ్యమని చూస్తోంది.

తమ్ముడు


కొట్లో, వాన పడుతుంటే

చిన్నోడా,

కొట్టు కప్పు మళ్లీ కారుతోంది. కొలతల బొమ్మకి గొడుగు పట్టాను. పక్కింటి మేక లోపలికొచ్చి ఒక నిక్కరు నమిలింది. మేక గలావిడ అంటుంది కదా, "నీ గుడ్డ మంచిది కాదేమో, దానికి కడుపునొప్పొచ్చింది" అని. దొంగే దొర అన్నట్టుంది యవ్వారం. నేనూ తక్కువ తినలేదులే. ఆ మేక చెవిదాకా కొలతలు తీసి, దీనికో నిక్కరు కుట్టమంటావా అని అడిగాను.

మామయ్య వచ్చి వెళ్లాడు. నిన్ను అడిగాడు. గొంతు బాగుందా, పాటలు పాడుతున్నాడా అని. పాడుతున్నాడని చెప్పాను.

నువ్వు అడిగింది. శాంతిగా వెళ్లింది. రాశాగా.

మనసుతో ఉండు.

అక్క


మూడో అంతస్తుకి పోయే మెట్ల మొదట్లో
సోమవారం కాదు, గురువారం

అక్కా,

గడియారం కింద కొట్లో రొట్టె కొంటున్నాడు. నేను మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇద్దరం ఒక్క గోడకి ఇటూ అటూ ఉన్నాం కాబట్టి నియమం తప్పలేదని అతని లెక్క.

ఈ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయాడని కిందివాళ్లు చెప్పారు. ఇంతకు ముందు ఒకసారి ఈ తలుపు తట్టి నా మాట చెప్పాను. ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూసి పక్కకి జరిగింది. ఈ ఊళ్లో నాకు పూర్తిగా తెరుచుకున్న తలుపు అదొక్కటే. లోపల రెండు కుర్చీలు కిటికీ వైపు తిప్పి ఉన్నాయి. ఒకటి ఆయనది కాబోలు. అందులో నన్ను కూర్చోమని చేత్తో చూపించింది. గడియారం పుస్తకం తీసి గొంతు సవరించుకోగానే ఆవిడ అతని వైపు చెయ్యెత్తి ఆపి, నన్ను చూపించి, మళ్లీ కిటికీలోకి చూసింది. ఎవరం మాట్లాడలేదు. కిటికీలోంచి ఒక గోడ కనిపిస్తుంది, ఒక తీగ మీద తువ్వాలు. అంతే. టీ ఇచ్చింది. లేచాం. వెళ్లేటప్పుడు గోడ మీద కేలండర్లో గురువారం మీద వేలు పెట్టింది.

అప్పటి నుంచి గురువారాలు వెళ్తున్నాం. గడియారం తలుపు బయట స్టూలు మీద కూర్చుని వ్యాకరణం చదువుకుంటాడు. "మనం ఆవిడకి ఏం బోధిస్తున్నాం?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. అతను వాచీ చూసుకున్నాడు.

ఎందుకు రానిస్తుందో ఇవాళ తెలిసింది. కింద కిరాణా కొట్టాయన నేను ఎవరితోనో నా మాట అనడం విని పగలబడి నవ్వాడు. "ఏం బాబూ, నువ్వేమంటున్నావో నీకు తెలుసా?" అన్నాడు. ఇక్కడి భాషలో శాంతికీ మౌనానికీ ఒక్క దీర్ఘం తేడా అట. నేను దీర్ఘం మింగేస్తున్నానట. ఇంతకాలం ఈ ఊళ్లో ప్రతి గుమ్మం ముందూ నిలబడి నేను చెప్పింది, "మీ ఇంటికి మౌనం తెచ్చాను" అని. అందుకే ఆ నవ్వులు. అందుకే పెదాల మీద వేళ్లు.

నవ్వు రావాలి కదా. నాకు రాలేదు. సిగ్గు కూడా రాలేదు. ఇప్పుడు పైకి వెళ్లి ఆవిడకి చెప్పాలా అని కూర్చున్నాను. చెప్తే తలుపు మూసుకుంటుందేమో. చెప్పకపోతే అబద్ధంతో లోపలికి వెళ్లినట్టు. నువ్వేమంటావు?

రొట్టె వచ్చింది.

తమ్ముడు


ఇంట్లో, వంటగది గట్టు

ఒరేయ్ పాముల స్వామీ,

గుర్తుందా? చిన్నప్పుడు "మా పాపములను క్షమించుము" అనమంటే "మా పాములను క్షమించుము" అని పెద్ద గొంతుతో అరిచేవాడివి. నేను దిద్దబోతే అమ్మ నా నోరు మూసేది. "ఊరుకోవే, పాములకి మాత్రం క్షమాపణ వద్దా" అనేది. నీకు మీసాలొచ్చేదాకా ఈ ఇంట్లో పాముల కోసం ప్రార్థన జరిగింది. అలాంటివాడివి ఊరు ఊరంతటికీ మౌనం పంచావంటే నాకేం ఆశ్చర్యం లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే గుండీలు పెట్టే పిల్ల భయపడి నీళ్లు తెచ్చింది. అమ్మకి చెప్పాలని లోపలికి రెండడుగులు వేశాను కూడా. తర్వాత మిషను మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఆ పూట కుట్టలేదు.

ఆవిడకి చెప్పు. దాచి ఏం బాగుపడతావు. దాచినది అరగదు.

ఇంత రాసి ఉత్తరం నాలుగుసార్లు మడిచి విప్పాను. ఇప్పటికి ఇంతే.

అక్క


మా గది
సోమవారం

అక్కా,

చెప్పాను. దీర్ఘం పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి అని, నేను అనాలనుకున్నది ఇదీ, అన్నది అదీ అని చెప్పాను. ఆవిడ విని తలూపింది. "తెలుసు. మొదటి రోజే తెలుసు" అంది. ఆవిడ గొంతు ఇలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కాస్త బొంగురు. "ఆయన పోయాక ఈ ఇంటికి శాంతి తెచ్చామని చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మాట్లాడారు. ఆయన శాంతిగా ఉన్నాడని వాళ్లకెవరు చెప్పారు? నువ్వొక్కడివే నీ దగ్గరున్నది చెప్పావు" అంది. తర్వాత ఎప్పటిలాగే కూర్చున్నాం. తలుపు మూసుకోలేదు.

ఆ మాట నన్ను వదలడం లేదు, వాళ్లకెవరు చెప్పారని.

మన భాషలో ఈ రెండు మాటలూ దగ్గర దగ్గరగా కూడా ఉండవు. మనలో ఎవరూ పొరపాటున ఒకదానికి బదులు ఇంకోటి రాయరు. నువ్వు అమ్మ పోయినప్పటి నుంచి నాకు ఎన్ని ఉత్తరాలు రాశావు. అన్నిట్లో శాంతిగా వెళ్లిందనే ఉంది. అమ్మ అన్న ఒక్క మాటా లేదు. అమ్మ మాట్లాడకుండా ఉండే మనిషి కాదు. మిషనుతోనే పోట్లాడేది. చివరి రోజుల్లో దుప్పటి గురించో, మామయ్య గురించో, నీ వంట గురించో ఏదో ఒకటి అనే ఉంటుంది. అది కూడా రాయలేదు. మేక సంగతి రాశావు.

చలికాలం అయిపోవస్తోంది, పెద్దాయన జవాబు అడుగుతాడు. ఉండాలో రావాలో నువ్వు చెప్పొద్దు. అమ్మ ఎలా వెళ్లిందో చెప్పు.

తమ్ముడు


ఇంట్లో, అమ్మ మంచం దగ్గర

చిన్నోడా,

నువ్వు దీర్ఘం మింగావు. నేను మాట మొత్తం మింగాను.

అమ్మ శాంతిగా పోలేదు. ఒకవేళ శాంతిగానే పోయిందేమో, అదీ నాకు తెలియదు. మౌనంగా పోయింది. నాకు తెలిసింది అంతే.

ఒక పొద్దున కాలరు కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లాం, తీసుకొచ్చాం. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. డాక్టరు, మాట వచ్చినా రావచ్చన్నాడు. నేను ఆ "వచ్చినా" పట్టుకుని కూర్చున్నాను. నీకు కబురు చేద్దామని మామయ్య అన్నాడు. వద్దన్నాను. అమ్మ బాగున్నప్పుడు ఎన్నిసార్లు అంది, "వాడిని పని మధ్యలో పిలవొద్దే" అని. రేపు మాట వస్తే అమ్మే నీతో ఫోనులో మాట్లాడుతుంది, అప్పుడు నవ్వుకుంటారు అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఇక నువ్వు అడిగింది. అమ్మ మంచాన్ని మొదట ముందుగదిలో తలుపుకి ఎదురుగా వేశాం. తలుపు చప్పుడైతే చూసేది. మెడ తిప్పడం కష్టం, అయినా తిప్పేది. నేనొచ్చినా చూసేది, నర్సు వచ్చినా చూసేది, గుడ్డ తెచ్చినవాడొచ్చినా చూసేది. వచ్చినవాళ్లని పై నుంచి కింది దాకా చూసి, కాదని చూసుకుని, మళ్లీ గోడ వైపు తిరిగేది. ఎవరి కోసమో నాకు మొదటి రోజే అర్థమైంది. నేను అర్థం కానట్టు మంచం కిటికీ వైపు తిప్పించాను, గాలి తగులుతుందని. తిప్పాక కూడా చప్పుడైతే మెడ కదిలేది. అమ్మ పోయిన రోజు పొద్దున కూడా పాలవాడు తలుపు తట్టాడు.

అదంతా నీకు ఎలా రాయను? నువ్వక్కడ పరాయి తలుపులు తడుతూ ఉంటే ఇది రాయనా? అందుకని శాంతి అని రాశాను. మంచి మాట కదా, ఎవరూ తిరిగి అడగరు. నువ్వొక్కడివే అడిగావు. ఆ మాట మీదే లేచి నడుస్తున్నానని నువ్వు రాసిన రోజు నాకు ముద్ద దిగలేదు.

నన్ను తిట్టు. తిట్టకుండా ఉత్తరం మాత్రం రాయకు, భరించలేను. అమ్మ పోయాక తలుపు చప్పుడైతే నేను తలెత్తడం మానేశాను. కొలతలకొచ్చినవాళ్లైతే వాళ్లే పిలుస్తారు.

అక్క


మా గది, పెట్టె మీద

అక్కా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం ఒక వీధి మొత్తం తట్టాం. గడియారం నా వంతు తలుపులు కూడా తనే తట్టాడు. అతన్ని గురించి ఇంతకు ముందు రాసినవన్నీ కాస్త తగ్గించి చదువుకో.

గురువారం మూడో అంతస్తుకి వెళ్లాం. తట్టాను. ఏ మాటా అనలేదు, దీర్ఘంతోనూ లేకుండానూ. ఆవిడ తలుపు తీసింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నేనేనని చూసుకుని పక్కకి జరిగింది.

అక్కడే ఏడ్చాను, గుమ్మంలో. లోపలికి కూడా పోలేకపోయాను. పెద్దగా, చిన్నప్పుడు పాముల ప్రార్థన చేసిన గొంతుతో. పై అంతస్తు వాళ్లు దిగొచ్చి చూశారు. గడియారం స్టూలు మీంచి లేచి నా పక్కన నిలబడ్డాడు. ఆవిడ నన్ను ఊరుకోమని అనలేదు. అమ్మ కోసం ఏడ్చాను, మంచం తిప్పిన నీ కోసం కూడా ఏడ్చాను. నిన్ను తిట్టమన్నావు. మంచం తిప్పకుండా ఉండాల్సింది. ఇదే నా తిట్టు. ఇంకోసారి ఈ మాట ఎత్తను.

తిరిగి మెట్లు దిగుతుంటే మడమ నొప్పి పెట్టింది. లోపల చీము పట్టిందన్నారు. ఒక్కో మెట్టుకీ ప్రాణం పోయింది. డాక్టరు ఇన్నాళ్లూ ఎలా నడిచావని అడిగాడు. ఇప్పుడు కట్టు కట్టి ఉంది, బాగా నొప్పిగా ఉంది.

పెద్దాయనకి ఇంటికి వెళ్లిపోతానని చెప్పాను. ఎందుకని అడగలేదు. బట్టలు సర్దుకో అన్నాడు. అమ్మ కోసం వస్తున్నానంటే అది అబద్ధం, ఆలస్యమైంది. నీ కోసమంటే నువ్వు కత్తెర తీసుకుంటావు. తర్వాత మళ్లీ ఈ పనిలోకి వస్తానో రానో తెలియదు. ఇన్ని తలుపులు తట్టాను. మన తలుపు తట్టాలని ఉంది.

పెద్దావిడ దగ్గర సెలవు తీసుకున్నాను. నేను గుమ్మం దాటుతుంటే ఆ మాట ఈసారి ఆవిడే అంది. దీర్ఘం పెట్టి అందో పెట్టకుండా అందో సరిగ్గా వినపడలేదు. మళ్లీ అడగలేదు.

ఏ రోజు వస్తానో రాయను. తలుపు చప్పుడైతే మిషను ఆపి తలెత్తి చూడు.

తమ్ముడు